చెవితో చదివిన కోడ్

అతను మా టీమ్‌లో చేరిన రోజు ఆఫీసులో ఏసీ పనిచేయలేదు. కిటికీలు తెరవడానికి వీల్లేని అద్దాల భవనం కావడంతో అందరం చేతికి దొరికిన కాగితాలతో విసురుకుంటూ కూర్చున్నాం. హెచ్ఆర్ అమ్మాయి అతన్ని చేయి పట్టుకుని తీసుకొచ్చింది. అతను మెల్లగా ఆ చేయి విడిపించుకుని, ఆమె మోచేతిని తానే పట్టుకున్నాడు.

"మీరు నన్ను పట్టుకోవద్దు మేడమ్. నేనే మిమ్మల్ని పట్టుకుంట. అప్పుడు మీరు ఎటు మళ్లుతున్నరో నాకు తెలుస్తది" అన్నాడు.

అందులో కోపం లేదు. రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాటలా ఉంది. ఆ అమ్మాయే నొచ్చుకుని, "సారీ, సారీ" అంటూ అతన్ని నా పక్క సీటు దాకా తీసుకొచ్చి వెళ్లిపోయింది.

అతనికి చూపు లేదని అంతకుముందు శుక్రవారమే మా టీమ్ లీడ్ చెప్పింది. ఆమెది భీమవరం దగ్గర పల్లె. హైదరాబాద్ వచ్చి చాలా ఏళ్లయినా చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ 'అండి' అనే పిలిచేది. "సోమవారం ఒకబ్బాయి చేరుతున్నాడండి. చూపు లేదు. ఇంటర్వ్యూ నేనే చేశాను, చక్కగా చెప్పాడు. మన పని ఎలా చేస్తాడో మాత్రం నాకూ తెలీదు. చూద్దాం" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీ పక్కన కూర్చోబెడతానండి. మీ ఇద్దరి మాటా ఒకటే కదా" అంది.

మాది హైదరాబాద్ అంచున ఉన్న గోపన్‌పల్లి. అతనిది వికారాబాద్ దాటాక వచ్చే ఒక ఊరు. మా మాటల్లో తేడా మాకు బాగానే తెలుస్తుంది. భీమవరం చెవికి మాత్రం రెండూ ఒకటే.

అప్పట్లో మేం ఒక డెయిరీకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. ఊళ్లల్లో పాల సేకరణ కేంద్రాలుంటాయి. పొద్దున, సాయంత్రం క్యాన్లు వస్తాయి. ఒక్కో క్యాన్‌నూ పరీక్ష చేసి, వెన్న తక్కువగా ఉన్నవాటిని, పులుపు తిరిగినవాటిని వెనక్కి పంపుతారు. మిగిలినవాటి లీటర్లన్నీ కూడి, ఆ కేంద్రం నుంచి ఆ పూట ఎన్ని పాలు వచ్చాయో చూపించాలి. ఎంత పెద్ద పేర్లు పెట్టుకున్నా మా పని అంతే, ఏరడం, కూడడం.

ఇంట్లో అమ్మ ఒకసారి అడిగింది.

"ఇంతకు నువ్వు జేసే పనేంది బిడ్డా?"

"పాలు లెక్కవెడుతున్ననే."

"బర్రె లేకుంట?"

"బర్రె లేకుంట."

"పాలు గూడ లేకుంట?"

"పాలు గూడ లేకుంట."

అమ్మ చేతిలో చాట పక్కన పెట్టింది. "మంచిగనే ఉంది. పేడ తీసే పని లేదు" అంది. మా వీధిలో అపార్ట్‌మెంట్లు లేవకముందు ఆమెకు రెండు బర్రెలుండేవి. అందుకని ఆ మాటలో ఎగతాళి ఎంతో, నిజం ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

డెయిరీ వాళ్ల పాత ప్రోగ్రాం నిండా లూపులే. లూప్ అంటే క్యాన్లను వరుసగా పెట్టి ఒక్కొక్కదాని దగ్గరికీ నడిచి వెళ్లడం లాంటిది. ముందు సున్నా రాసి ఒక గిన్నె పెట్టుకో. మొదటి క్యాన్ దగ్గర నిలబడు. అది మంచిదైతే దాని లీటర్లు గిన్నెలో కలుపు, కాకపోతే వదిలెయ్యి. తర్వాతి దాని దగ్గరికి నడు. క్యాన్లు అయిపోయిన చోట ఆగు. ఇవన్నీ విడివిడిగా రాయాలి. కొత్త పద్ధతిలో అయితే ఒక్క వాక్యం చాలు. క్యాన్లలోంచి మంచివి ఏరు, వాటి లీటర్లు తీసుకో, కూడు. ఏది మంచిదో చెప్పే షరతును వేరేచోట పేరు పెట్టి రాయకుండా ఆ వాక్యంలోనే, అక్కడికక్కడే రాసి ఇస్తాం. దాన్నే ల్యాంబ్డా అంటారు. దాని మధ్యలో ఒక బాణం గుర్తు ఉంటుంది. బాణానికి ఎడమ పక్కన క్యాన్, కుడి పక్కన ఆ క్యాన్‌ని మనం అడిగే ప్రశ్న.

నాకు రెండింటి మీదా ప్రత్యేకమైన ఇష్టం లేదు. లీడ్‌కు మాత్రం బాణాలు పడేవి కావు. "రేపు కొత్తవాళ్లెవరో వచ్చి ఈ గీతలు చూసి బెదిరిపోతారండి. లూప్ అయితే ఎవరికైనా తెలుస్తుంది" అనేది. అందుకని పాత లూపులను తీసి కొత్త లూపులు రాస్తున్నాం.

అతను వచ్చాక మొదటి వారం నేను అతన్ని చూస్తూ గడిపాను. చూస్తున్నానని అతనికి తెలియదనుకోవడం నా పొరపాటు. మూడో రోజో నాలుగో రోజో, "ఏందక్కా, కుర్చీ ఇటే తిరిగి ఉంది, పని లేదా?" అన్నాడు. కుర్చీ చక్రాల చప్పుడు పట్టుకున్నాడట. అక్క అనడం కూడా అప్పుడే మొదలుపెట్టాడు.

అతని కంప్యూటర్ తెర ఎప్పుడూ నల్లగానే ఉండేది. ఒక చెవికి ఇయర్‌ఫోన్, రెండో చెవి మాకు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. దాని గొంతు ఇయర్‌ఫోన్ లోంచి బయటికి కొంచెం వినిపించేది. తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉండేదే తప్ప ఒక్క మాటా తెలిసేది కాదు.

"అసలు నీకేం వినబడుతది?" అని ఒకరోజు అడిగాను.

అతను ఇయర్‌ఫోన్ నా చేతికిచ్చి, వేగం బాగా తగ్గించి, మేం కొత్తగా రాస్తున్న ప్రోగ్రాంలోని ఒక లూప్ తెరిచాడు. ఇంగ్లిష్ గొంతు చదవడం మొదలుపెట్టింది. ఫర్, బ్రాకెట్ ఓపెన్, ఇంట్, ఐ, ఈక్వల్స్, జీరో, సెమికోలన్, ఐ, లెస్ దేన్... నాకు నవ్వొచ్చింది. ఇంకొంచెం సేపటికి నవ్వు పోయింది. బ్రాకెట్లు తెరుచుకుంటూనే ఉన్నాయి. ఏ బ్రాకెట్ ఎక్కడ మూతపడిందో, మొదట్లో పెట్టుకున్న సున్నా ఏ పేరుతో ఉందో మనసులో పట్టుకోలేకపోయాను. అది నేను రాసిన లూపే.

"అర్థమయిందా?" అన్నాడు.

"కాలే."

"మీకైతే ఒక్క చూపుల పేజీ అంత అందుతది. నాకు ఒక్కో మాట వరుసల నిలబడి రావాలె. ఎనక మాట వచ్చేసరికి ముందు మాట మర్వద్దు. ఇప్పుడు ఇది ఇను."

అదే పనిని అతను కొత్త పద్ధతిలో రాసి పెట్టుకున్నాడు. క్యాన్స్, ఫిల్టర్, క్యాన్, బాణం, షరతు, లీటర్లు, సమ్. అయిపోయింది. ఎవరో ఎదురుగా కూర్చుని చెప్పిన మాటలా ఉంది.

"గిట్ల రాస్తె నా నెత్తికి జర ఆరాం ఉంటది అక్క" అన్నాడు.

ఆ వారం కోడ్ రివ్యూలో లీడ్‌కూ అతనికీ వాదన జరిగింది. రివ్యూ అంటే ఒకరు రాసింది ఇంకొకరు చదివి, బాగుందనో మార్చమనో చెప్పడం. అతను రాసినదంతా బాణాలే. లీడ్ మార్చమంది. అతను మార్చనన్నాడు. కారణం చెప్పేటప్పుడు మాత్రం తన చూపు సంగతి ఎత్తలేదు. లూప్‌లో చేతితో రాసే భాగాలెక్కువ, తప్పు జరిగే చోట్లూ ఎక్కువ, అంతే అన్నాడు. నేను కల్పించుకుని అతను నాకు వినిపించిన సంగతి చెప్పబోతే టేబుల్ కింద నా కాలు తన్నాడు. సరిగ్గా నా కాలే.

చివరికి లీడ్ ఒక మెట్టు దిగింది. "సరేనండి. కొత్తగా రాసేవి మీ ఇష్టం. ఉన్న లూపుల జోలికి మాత్రం వెళ్లకండి."

బయటికొచ్చాక, "ఎందుకు తన్నినవ్?" అని అడిగాను.

"నీ మాటతోటి నేను గెలిస్తే అది పాపమని గెలిపిచ్చినట్టయితది" అన్నాడు.

అతనితో పని చేయడం నేననుకున్నంత కష్టమూ కాలేదు, అనుకున్నంత గొప్పగానూ లేదు. అందరిలాగే అతనికీ చిరాకులుండేవి. క్యాంటీన్ సాంబారులో బెల్లం వేస్తారని రోజూ తిట్టేవాడు, రోజూ పోయించుకునేవాడు. మ్యాచ్ ఉన్న రోజు ఒక చెవిలో కోడ్, ఇంకో చెవిలో క్రికెట్ కామెంటరీ పెట్టుకుని, అడిగితే ట్రైనింగ్ వీడియో అని అబద్ధం చెప్పేవాడు. వికెట్ పడ్డప్పుడల్లా బల్ల మీద చరిచేవాడు కాబట్టి ఆ అబద్ధం ఎంతోసేపు నిలిచేది కాదు. నిజాంపేటలో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నాడు. చుట్టూ హాస్టళ్లు. పిల్లలు బైకులు ఎక్కడ పడితే అక్కడ పెడతారని, రోజుకో కొత్త చోట మోకాలు తగులుతుందని చెప్పేవాడు. చూపు లేనివాళ్లు నడవడానికి వీలుగా మెట్రో స్టేషన్ బయట పరిచిన పసుపు పలకల మీద కర్ర ఆనించుకుంటూ వస్తే, అవి ఉన్నట్టుండి ఒక కరెంటు స్తంభం దగ్గర ఆగిపోయేవట. "దీన్ని రాసినోడు సగం రాసి ఛాయ్ తాగ పోయిండు" అనేవాడు.

చూపు ఎలా పోయిందో నేను అడగలేదు. ఒకసారి గేటు బయట టీ తాగుతుంటే తనే చెప్పాడు. ఎనిమిదో తరగతిలో బోర్డు మీద అక్షరాలు పక్కల నుంచి మాయమవడం మొదలైందట. దవాఖానల చుట్టూ తిరిగారట. ఇంటర్ అయ్యేసరికి వెలుగు తప్ప ఏమీ మిగలలేదు.

"అక్షరాలు మంచిగ యాదికున్నయక్క. కలం ఇయ్యి."

ఇచ్చాను. టీ కొట్టు అట్టముక్క మీద తన పేరు రాశాడు. చివరి రెండక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "కరెక్టేనా?" అన్నాడు. "కరెక్టే" అన్నాను. "చివర గలిసినయి గదా?" అన్నాడు. "కలిసినయి" అన్నాను.

చలికాలం చివర్లో డెయిరీ వాళ్లకు మా ప్రోగ్రాం చూపించే రోజు వచ్చింది. వాళ్ల తరఫున ఇద్దరు వచ్చారు. కాన్ఫరెన్స్ గదిలో లీడ్ ఒక్కొక్క పేజీ తెరిచి చూపిస్తోంది. కేంద్రాల పేజీ బాగుంది. క్యాన్ల పేజీ బాగుంది. తర్వాత ట్యాంకర్ల పేజీ. ఏ కేంద్రానికి ఎంత పెద్ద ట్యాంకర్ పంపాలో తేల్చేది అదే. దాన్ని అతను ముందు రోజే రాసి ముగించాడు. తెరవగానే అన్ని కేంద్రాల దగ్గరా చిన్న చిన్న అంకెలు కనిపించాయి. ఒక పెద్ద కేంద్రం ఎదురుగా సున్నా ఉంది.

డెయిరీ వాళ్లలో ఒకాయన నవ్వి, "ఇట్లైతే ట్యాంకర్ ఎందుకు మేడమ్, సైకిల్ పంపిస్త" అన్నాడు. లీడ్ కూడా నవ్వి, అది సరిచేసి పంపుతామని చెప్పి తర్వాతి పేజీ తెరిచింది. ఆ గదిలో నవ్వనిది అతనొక్కడే. ఏం కనిపించిందో అతనికి ఎవరూ చెప్పలేదు. నేను చెవిలో చెప్పాను.

వాళ్లు వెళ్లగానే మా సీట్ల దగ్గరికి వచ్చాం. తప్పు దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. కేంద్రాల పేజీలో ఆ షరతు నేను రాసింది. వెనక్కి పంపినవి కాని క్యాన్లను ఏరమని అందులో ఉంది. ఆ 'కాని' అనే అర్థాన్ని మా భాషలో మాటతో రాయం, ముందు ఒక ఆశ్చర్యార్థకం పెడతాం. చిన్న నిలువు గీత, కింద చుక్క. అతను నా షరతును చదివి, అదే తన పేజీలోనూ రాసుకున్నాడు. అతని వాక్యంలో ఆ గుర్తు లేదు. అందువల్ల వెనక్కి పంపిన క్యాన్లే ఏరుకుని, వాటినే కూడి చూపించింది. ఆ పూట ఒక్క క్యాన్ కూడా వెనక్కి పంపని పెద్ద కేంద్రానికి సున్నా వచ్చింది.

"నీ లైన్ల క్యాన్ పేరుకు ముందట ఏమన్న ఉందా?" అని అడిగాడు.

"ఉంది. ఆశ్చర్యార్థకం."

అతను ఇయర్‌ఫోన్ సరిచేసుకున్నాడు. తర్వాత ఏవో మీటలు నొక్కి విన్నాడు. "నిన్న మెయిల్స్ చదువుతుంటే కామాలు, చుక్కలు అన్ని చదువుతున్నదని చిరాకు లేసి గుర్తులు చదవకుంట పెట్టిన. మళ్ల మార్చలే" అన్నాడు.

"పర్వాలేదులే. చిన్నదే గదా, ఒక్క గుర్తు" అన్నాను.

అతను ఇయర్‌ఫోన్ పీకి బల్ల మీద పడేశాడు. "పర్వాలేదనకు అక్కా. కళ్లున్నోడు గిట్ల జేస్తే పర్వాలేదంటరా? తిడతరు. నన్నెందుకు తిట్టరు?"

చుట్టుపక్కల వాళ్లు తలలెత్తారు. నాకూ కోపం వచ్చింది. "సరే, తిడత. దిమాక్ ఉందా నీకు? సెట్టింగ్ చూసుకోకుంట కోడ్ రాస్తవా? రాసినంక ఒక్కసారన్న నడిపి చూసినవా? సున్నా అని నీ రీడర్ చదివి చెప్పకపోవునా? ఆ మ్యాచ్ వినుడు బంద్ జేయి ముందుగాల!"

అతను మొదట బిగుసుకున్నాడు. మ్యాచ్ మాట దగ్గర నవ్వాడు. "నిన్న మ్యాచ్ లేకుండె" అన్నాడు. ఆ తర్వాత తప్పు సరిచేశాడు. మధ్యాహ్నం భోజనానికీ రాలేదు.

మర్నాడు పొద్దున పుణెలో ఉండే మా తెలుగు మేనేజర్‌తో కాల్. మేం ముగ్గురం చిన్న గదిలో ఫోన్ చుట్టూ కూర్చున్నాం. మేనేజర్‌కు వీడియో లేదు, గొంతే. లీడ్ ఒక్కతే ఉందనుకున్నాడు. నిన్నటి సంగతి తన దాకా వచ్చిందని చెప్పి, ఇంగ్లిష్‌లో, మర్యాదగానే అడిగాడు. అతన్ని కోడ్ రాసే పనిలో పెట్టడం మనకూ అతనికీ మంచిదేనా? డాక్యుమెంట్లు రాసే పనికి మారిస్తే అతనికీ సుఖంగా ఉంటుంది కదా?

నేను అతని వైపు చూశాను. ముఖంలో ఏమీ తెలియలేదు. రెండు చేతులూ కర్ర మీద ఉన్నాయి.

లీడ్ పెన్ను మూత తీసి పెట్టింది, మళ్లీ తీసింది. "ఆయన ఇక్కడే ఉన్నారండి. వింటున్నారు" అంది.

అటు నుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఆ లైను ఆయన రాశారు. రివ్యూ చేసింది నేను" అంది లీడ్ మళ్లీ. ఈసారి ఇంగ్లిష్‌లో చెప్పింది. గొంతు పెంచలేదు. "రెండు కళ్లతో చూసి, బాగుందని పాస్ చేశాను. నన్ను కూడా డాక్యుమెంట్ల పనికి మారుస్తారా?"

మేనేజర్ తన ఉద్దేశం అది కాదన్నాడు. ఉద్దేశం ఏమిటో చెప్పబోయి మధ్యలో ఆపి, ప్రోగ్రాం ఎప్పటికి పూర్తవుతుందని అడిగాడు. లీడ్ చెప్పింది. కాల్ అయిపోయింది.

ఆమెకు అతను థాంక్స్ చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. ఆమె కూడా దానికోసం చూసినట్టు లేదు. ఫోన్ వైరు చుడుతూ కూర్చుంది. అతను, "మేడమ్, ఆ షరతుకు ఒక పేరు పెడదాం" అన్నాడు.

"అంటే?"

"వెనక్కి పంపినవి కానివి అని రాసుడెందుకు? తీసుకున్నవి అందాం. అదే పేరు ఒక్కచోట రాసి పెడదాం. కావాల్సినోళ్లు ఆ పేరే పిలవాలె. కాదు అనే గుర్తు యాడున్నా దాన్ని మాట జేద్దాం. గుర్తయితే నాకు వినబడదు, మీకు కనబడదు. మాటయితే ఇద్దరికి తెలుస్తది."

"అంటే బాణం తీసేస్తారన్నమాట. మొదట్నుంచీ నేను మొత్తుకుంటోంది అదే కదండీ!"

"బాణం తీసి లూప్ పెట్టం మేడమ్. బాణం ఉన్నకాడ పేరు పెడతం. వాక్యం వాక్యమే ఉంటది."

ఆమె నవ్వేసింది. "పట్టు వదలరు కదా మీరు" అంది.

ఆ మాటల్లోనే ఇంకో ఏర్పాటు కూడా పుట్టింది. అది ఎవరి ఆలోచనో నాకిప్పుడు గుర్తులేదు, లీడ్‌దే అయ్యుండాలి. రివ్యూ చేసేవాళ్లు కళ్లతో చూసి ఊరుకోకుండా ఆ లైనేం చేస్తుందో తెలుగులో పైకి చెప్పాలి. మొదటి రోజు ఆమే మొదలుపెట్టింది. "క్యాన్లలోంచి తీసుకున్నవి ఏరి, వాటి లీటర్లు పట్టి, కూడి పెట్టమంటున్నామండి" అంది, పెళ్లిలో వంటవాళ్లకు పని చెప్పినట్టు. అతను పడీ పడీ నవ్వాడు. మా టీమ్‌లో ఉన్న మిగతా ఇద్దరూ మొదట్లో సిగ్గుపడ్డారు. తర్వాత వాళ్లూ చెప్పారు. లూపులున్న చోట చెప్పడం మొదలుపెడితే ఊపిరి చాలేది కాదు. "మొదటి దాని దగ్గర నిలబడి, అది మంచిదైతే, అంటే చెడ్డది కాకపోతే..." అంటూ లీడ్ స్వయంగా ఒక లూప్ మధ్యలో చిక్కుకుని, "ఇది మార్చేయండి బాబూ" అంది. ఆ మాట ఆమె నోటి వెంట వస్తుందని మేమెవరం అనుకోలేదు. అతను మాత్రం గెలిచినట్టు కనిపించలేదు. సరేనని తల ఊపి పనిలో పడ్డాడు. గెలిచినట్టు కనిపించకూడదని గట్టిగా అనుకుని ఉంటాడని నా అనుమానం.

పైకి చెప్పడం వల్ల నాకు తెలిసింది ఇంకోటుంది. నేను రాసిన వాటిలో చాలా షరతులు 'కానివి' మీద నిలబడ్డాయి. పాడవనివి, ఆగనివి, రానివి. కావలసినదేదో చెప్పకుండా వద్దన్నవన్నీ తీసేస్తే మిగిలిందే కావలసింది అన్నట్టు రాసేదాన్ని. పైకి చదివితే ఎదుటివాళ్లు 'ఇంతకీ ఏవి కావాలి?' అని అడిగేవాళ్లు. జవాబు చెప్పడానికి నాకు టైం పట్టేది. ఆ జవాబే పేరుగా రాసేదాన్ని. అమ్మకు ఈ సంగతి చెబితే, "కూరగాయలు ఏరినా అంతే గదా. పుచ్చులు తీసేస్కుంట కూసుంటె పొద్దువోతది. మంచియి ఏరుకో" అంది. అమ్మకు నా ఉద్యోగం ఏమిటో అర్థమైనట్టు అనిపించింది నాకు. మర్నాడే పక్కింటామెతో మా బిడ్డ డెయిరీల పనిజేస్తది అని చెబుతుంటే విన్నాను.

ఎండలు ముదరకముందే ప్రోగ్రాం డెయిరీ వాళ్లకు అందింది. ట్యాంకర్ల పేజీ మీద మళ్లీ ఫిర్యాదు రాలేదు. వేరే పేజీల మీద వచ్చాయి. వాటిలో ఒకటి నాది, ఒకటి లీడ్‌ది. రెండింటినీ ఎవరూ మేనేజర్ దాకా తీసుకెళ్లలేదు. ఆ తేడా నేను గమనించాను. అతనూ గమనించే ఉంటాడు.

పైకి చదివే అలవాటు ఆ ఏడాది చివరిదాకా ఉంది. పని పెరిగి, కొత్తవాళ్లు చేరి, సగం మంది ఇళ్ల నుంచి పనిచేయడం మొదలయ్యాక తెలియకుండానే ఆగిపోయింది. ఎవరూ ఆపేద్దామనలేదు. ఒకరోజు చూసుకుంటే లేదు. అతను రెండు మూడుసార్లు అడిగి, తర్వాత అడగడం మానేశాడు. గుర్తులన్నీ చదివేలా తన రీడర్‌ను పెట్టుకుని, కామాలనూ చుక్కలనూ భరిస్తూ పనిచేసుకున్నాడు.

తర్వాతి వేసవిలో ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు. జీతం ఎక్కువ, పైగా చేసే పని తనకు నచ్చిందన్నాడు. వెళ్లే రోజు లీడ్ కేకు తెప్పించింది. కేకు కోసేటప్పుడు ఆమె అతని చేయి పట్టుకోబోయి ఆగి, తన మోచెయ్యి ముందుకు పెట్టడం చూశాను. "మేడమ్ నన్ను చాలా పరేషాన్ చేసిండ్రు. నేను గూడ చేసిన" అన్నాడతను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఆ సాయంత్రం పెద్దగా బాధ అనిపించలేదు. మరుసటి వారం పక్క సీటులో కూర్చున్న కొత్తవాడు వెలుగుతున్న తెర ముందు గంటలకొద్దీ మాట లేకుండా పనిచేస్తుంటే, ఆ నిశ్శబ్దం మాత్రం కొన్నాళ్లు ఇబ్బంది పెట్టింది.

చాలా రోజుల తర్వాత హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో కనిపించాడు. పక్కన ఒకమ్మాయి ఉంది. వెనక నుంచి, "ఏం తమ్మీ" అన్నాను. నాకు జలుబు చేసి గొంతు సగం పోయింది. అయినా వెంటనే ఇటు తిరిగాడు.

"అక్కా! గొంతేంది గిట్లయింది, సర్ది అయిందా?"

ఆ అమ్మాయి అతని భార్య. బ్యాంకులో పనిచేస్తుందట, శేరిలింగంపల్లిలో ఇల్లు తీసుకున్నారట. కుక్కర్ కొనడానికి అమీర్‌పేట వెళ్తున్నారు. ఏ సైజు కొనాలన్న దాని మీద మెట్ల నుంచి వాదించుకుంటూ వచ్చారని ఆమె చెప్పింది. ఇప్పుడు అతనే లీడ్. కింద నలుగురు పనిచేస్తున్నారు.

"ఒక్కడు గూడ మాట వినడక్క" అన్నాడు.

"ఇంట్ల నేను గూడ విననక్కా" అంది ఆమె.

మా పాత లీడ్ ఎలా ఉందని అడిగాడు. ఇప్పుడామె మేనేజర్ అయిందని, బాణాలు లేని కోడ్ పంపితే తిప్పి పంపుతోందని చెప్పాను. "నిజంగ?" అన్నాడు, రెండుసార్లు. ఇంకేదో అడగబోతుంటే అమీర్‌పేట మీదుగా నాగోల్ వెళ్లే బండి వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. అల్లం ఛాయ్ తాగమని నాకు చెబుతూనే అతను లోపలికి వెళ్లాడు. తలుపులు మూసుకున్నాక అద్దం వెనక ఇద్దరూ మళ్లీ మాట్లాడుకుంటున్నారు. చేతులతో కుక్కర్ ఎంత ఉండాలో ఆమె చూపిస్తోంది. అతనికి కనిపించదని గుర్తొచ్చిందేమో, అతని రెండు చేతులూ పట్టుకుని ఆ వెడల్పుకు పెట్టింది.

నా బండి ఇంకో ప్లాట్‌ఫాం మీద రావాలి. మెట్లు దిగి అటు వెళ్లాను.